పుస్తకం ఏ రోజుకు వస్తుంది? బ్రాంచి క్యాంపస్‌ల గ్రంథాలయ సేవలో నా అనుభవం

ప్రధాన క్యాంపస్ గ్రంథాలయంలో సర్క్యులేషన్ విభాగం (పుస్తకాల ఇష్యూ, రిటర్న్ పనులు) చూస్తున్న నాకు బ్రాంచి క్యాంపస్‌ల బాధ్యతను కూడా అప్పగించినప్పుడు, స్టాక్ రిజిస్టరుతో పాటు బ్రాంచిల నుంచి వచ్చిన పుస్తకాల అభ్యర్థనల ఫైలు ఒకటి నా చేతికి వచ్చింది. ఆ ఫైలులో కాగితాలు చాలా తక్కువ. అక్కడి విద్యార్థులు ఏమీ అడగరు కాబట్టి వారికి పెద్దగా అవసరం లేదన్న అభిప్రాయం మా కార్యాలయంలో అప్పటికే స్థిరపడిపోయింది. ప్రతి ఏడాది బడ్జెట్ కేటాయింపులో బ్రాంచిల వాటా ఆ అభిప్రాయాన్ని బట్టే నిర్ణయమయ్యేది; వాటా తక్కువ కాబట్టి పుస్తకాలు ఉండేవి కావు, పుస్తకాలు లేవు కాబట్టి ఎవరూ వచ్చి అడిగేవారు కాదు. ఈ వలయం ఎక్కడ తెగుతుందో చూడడమే నా మొదటి పని అయింది.

బ్రాంచి గ్రంథాలయం అని రిజిస్టరులో రాసి ఉన్నది నిజానికి కార్యాలయం పక్క గదిలో గోడవారగా నిలబెట్టిన ఇనుప బీరువాల వరుస. తాళం చెవులు కార్యాలయ సహాయకుడి సొరుగులో ఉండేవి. బీరువాల్లోని పుస్తకాల్లో ఎక్కువ భాగం ప్రధాన గ్రంథాలయానికి కొత్త ఎడిషన్లు వచ్చినప్పుడు అక్కడ చోటు చాలక ఇక్కడికి తరలించినవి. ఒక ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని తీసి చూశాను. వెనుక అట్ట లోపలి వైపు సీడీ పెట్టే ప్లాస్టిక్ కవరు అతికించి ఉంది, అందులో సీడీ లేదు. డ్యూ డేట్ స్లిప్పు మీద పడిన ముద్రలన్నీ ప్రధాన క్యాంపస్‌లో వేసినవే. ఈ బీరువాకు చేరిన తరువాత ఒక్క ముద్ర కూడా పడలేదు. దానిని చూసి ఇక్కడ చదివేవారు లేరని తేల్చేయవచ్చు. సిలబస్ నుంచి ఎప్పుడో తొలగిపోయిన భాష మీది పుస్తకం కోసం ఎవరు మాత్రం వస్తారని కూడా అనుకోవచ్చు. నాకు రెండవదే సబబుగా తోచింది.

బ్రాంచిలో చదివే విద్యార్థుల్లో చాలా మంది పగలు ఎక్కడో ఒక చోట పని చేసి, సాయంత్రం తరగతికి వచ్చి, అది ముగియగానే తిరిగి వెళ్ళిపోయేవారు. గ్రంథాలయం గది మాత్రం కార్యాలయ వేళల్లోనే తెరిచి ఉండేది. అంటే మొదటి సాయంత్రం తరగతి మొదలయ్యే వేళకు బీరువాలకు తాళం పడేది. కావలసిన పుస్తకాన్ని ప్రధాన క్యాంపస్ నుంచి తెప్పించుకోవడానికి ఒక ఫారం ఉన్న మాట నిజమే గాని, దాని మీద విభాగాధిపతి సంతకం కావాలి, ఆయన ప్రధాన క్యాంపస్‌లో ఉంటారు. తరగతి విరామంలో మాట్లాడిన ఒక విద్యార్థిని ఈ సంగతంతా ఒక్క మాటలో చెప్పింది: "అడిగితే ఇస్తారేమో సార్, కానీ అసైన్‌మెంట్ గడువు లోపల వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. అందుకే అడగడం మానేశాం."

నేను ఆ తరువాత చేసిన ఏర్పాట్లన్నింటికీ ఆ మాటే ఆధారం. బ్రాంచిలో ప్రధాన గ్రంథాలయానికి చిన్న నకలు ఒకటి కట్టడం మా వనరులతో సాధ్యమయ్యే పని కాదు, అవసరమూ కాదు. పుస్తకం ఎక్కడ ఉన్నా సరే, అది ఫలానా రోజుకు మీ చేతికి వస్తుందని విద్యార్థికి కచ్చితంగా చెప్పగలిగితే అభ్యర్థనలు వాటంతట అవే వస్తాయని నేను నమ్మాను. పుస్తకాలతో బ్రాంచికి వారంలో నాలుగు సార్లు ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళే బండి కన్నా, రెండు సార్లే అయినా తప్పకుండా అదే రోజున వెళ్ళే బండి మేలని గ్రంథాలయ కమిటీ ముందు వాదించాను. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన పంచసూత్రాల్లో నాలుగవది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమని చెబుతుంది. కమిటీలో అందరికీ అది కంఠస్థమే అయినా, ఆ పాఠకుడు మరో క్యాంపస్‌లో ఉన్నప్పుడు ఎవరి సమయం ఖర్చవుతోందన్న ప్రశ్న అంతవరకు చర్చకు రాలేదు. అమెరికాలోని కళాశాల, పరిశోధనా గ్రంథాలయాల సంఘం 2008లో ఆమోదించిన దూరవిద్యా గ్రంథాలయ సేవల ప్రమాణాలు కూడా ఆ రోజు ఉపయోగపడ్డాయి. విద్యార్థి ఎక్కడ చేరినా, ఎక్కడ ఉన్నా, ఆ సంస్థ గ్రంథాలయ సేవలకు పూర్తి హక్కుదారే అన్నది వాటికి మూలసూత్రం. ఆ ప్రమాణాలు మాకు వర్తించవని ఒక సభ్యులు అభ్యంతరం చెప్పారు. వర్తించకపోయినా బ్రాంచి విద్యార్థి దగ్గర గ్రంథాలయ రుసుము వసూలు చేస్తున్నది మనమే కదా అన్నాను. నిర్ణీత రోజుల్లో బండి నడపాలన్న తీర్మానం ఆమోదం పొందింది.

మా గ్రంథాలయం కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాడుతుంది. న్యూజిలాండ్‌లో ఒక ప్రజా గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ వ్యవస్థలో, ఒకే క్యాటలాగు కింద ఎన్ని శాఖలనైనా విడివిడిగా నమోదు చేసుకోవచ్చు. పుస్తకపు ఒక్కో ప్రతికి సొంత గ్రంథాలయం ఏది, ప్రస్తుతం ఉన్న గ్రంథాలయం ఏది అన్న రెండు వివరాలు వేరువేరుగా ఉంటాయి. మా దగ్గర బ్రాంచిలను ఎవరూ శాఖలుగా నమోదు చేయలేదు. బీరువాల్లోని పుస్తకాలన్నీ క్యాటలాగులో ప్రధాన గ్రంథాలయంలోనే ఉన్నట్టు కనిపించేవి. అందువల్ల ప్రధాన క్యాంపస్ విద్యార్థి అల్మరాలో వెతికి, దొరకక, పోయినట్టు ఫిర్యాదు చేసిన పుస్తకాలు కొన్ని బ్రాంచి బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. స్టాక్ వెరిఫికేషన్ చేసి, ప్రతి పుస్తకానికి బార్‌కోడ్ అతికించి, పనికిరాని ఎడిషన్లను నిబంధనల ప్రకారం తొలగించడంతో మొదటి సెమిస్టరు గడిచిపోయింది. ఆ పని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, దుమ్ము తప్ప.

అసలు చర్చ జరిగింది రిటర్న్ విధానం దగ్గర. ప్రధాన క్యాంపస్ పుస్తకాన్ని బ్రాంచిలో తిరిగి ఇచ్చినప్పుడు దాన్ని ఏం చేయాలో కోహా మూడు దారులు చూపిస్తుంది: సొంత గ్రంథాలయానికి పంపడం, ఇష్యూ చేసిన చోటికి పంపడం, తిరిగి ఇచ్చిన చోటనే ఉంచేయడం. మూడవ పద్ధతిని ఫ్లోటింగ్ అంటారు. మా సహోద్యోగులు చాలా మంది మొదటి దానికే మొగ్గారు. తమ పుస్తకం తమ అల్మరాకు తిరిగి రాకపోతే లెక్క తప్పుతుందన్నది వారి భయం. నేను ఫ్లోటింగ్ కోరాను. ఒక బ్రాంచి విద్యార్థి తెప్పించుకున్న పుస్తకాన్ని అదే తరగతిలోని మరొకరు అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి, దాన్ని వెంటనే వెనక్కి పంపి మళ్ళీ తెప్పించడం బండి మోతకే తప్ప మరెందుకూ పనికిరాదు. చివరికి రిఫరెన్స్, పరిశోధనా గ్రంథాలు సొంత చోటికి వెళ్ళేలా, పాఠ్యపుస్తకాలు, సాధారణ గ్రంథాలు ఫ్లోట్ అయ్యేలా నియమాలు పెట్టాం. ఫ్లోటింగ్‌కు ఒక ఇబ్బంది ఉంది: విద్యార్థులు ఎక్కువగా ఉన్న బ్రాంచికి పుస్తకాలు చేరి అక్కడే నిలిచిపోతాయి, చిన్న బ్రాంచి క్రమంగా ఖాళీ అవుతుంది. అందుకని సెమిస్టరు చివర ఏ శాఖలో ఏ విషయానికి ఎన్ని ప్రతులు ఉన్నాయో నివేదిక తీసి, సర్దుబాటు చేసే పనిని మా క్యాలెండరులోనే చేర్చాం.

సాఫ్ట్‌వేర్‌లో నియమం రాయడం సులువే. గదికి, బండికి మధ్య జరిగేదే కష్టం. విద్యార్థి క్యాటలాగులో పుస్తకాన్ని రిజర్వ్ చేసి, తీసుకోవలసిన చోటుగా తన బ్రాంచిని ఎంచుకుంటాడు. మరునాడు ఉదయం మా సిబ్బంది రిజర్వ్ అయిన పుస్తకాల జాబితా (హోల్డ్స్ క్యూ) తీసి, అల్మరాల నుంచి పుస్తకాలు ఏరి, స్కాన్ చేసి, ట్రాన్సిట్‌లో, అంటే దారిలో ఉన్నట్టు, నమోదు చేస్తారు. ప్రతి పుస్తకంలో బ్రాంచి కోడ్, అభ్యర్థన తేదీ, చేరవలసిన తేదీ ఉన్న స్లిప్పు పెట్టి, జిప్పు ఉన్న కాన్వాస్ సంచిలో సర్ది, సంచి మీద పుస్తకాల సంఖ్య రాస్తారు. సంచి బ్రాంచికి చేరగానే ప్రతి పుస్తకాన్నీ అక్కడ మళ్ళీ స్కాన్ చేయాలి. అప్పుడే అది వచ్చినట్టు విద్యార్థికి సందేశం వెళుతుంది. ఈ రెండవ స్కాన్ జరగకపోతే పుస్తకం బల్ల మీదే ఉన్నా, క్యాటలాగు దృష్టిలో ఇంకా దారిలోనే ఉంటుంది. మొదటి నెలల్లో మాకు వచ్చిన ఫిర్యాదుల్లో అధిక భాగం ఇటువంటి దారిలోనే ఉండిపోయిన పుస్తకాల గురించే. ట్రాన్సిట్‌లో ఎక్కువ రోజులు ఉన్న వాటిని వేరుగా గుర్తించి చూపే ఏర్పాటు కోహాలో ఉంది. బండి వెళ్ళిన మరునాడు ఆ జాబితా చూసి బ్రాంచికి ఫోన్ చేయడాన్ని ఒక ఉద్యోగి విధుల్లో రాతపూర్వకంగా చేర్చిన తరువాత ఆ సమస్య చాలా మేరకు సర్దుకుంది. చేసేది ఎవరో పేరుతో సహా తేల్చకుండా వదిలేసిన పని ఏదీ మా దగ్గర జరగలేదని కూడా ఈ సందర్భంలో చెప్పాలి.

జరిమానా విషయంలో మరింత జాగ్రత్త అవసరమైంది. విద్యార్థి గడువు రోజున బ్రాంచిలోని డ్రాప్ పెట్టెలో పుస్తకం వేస్తాడు. పెట్టె తెరిచేవారు మరునాడు వస్తారు. స్కాన్ చేసిన తేదీనే రిటర్న్ తేదీగా తీసుకుంటే ఆ ఆలస్యానికి విద్యార్థి జరిమానా కట్టవలసి వస్తుంది. కోహాలో డ్రాప్ పెట్టె పద్ధతిని ఎంచుకుంటే అంతకు ముందటి పని దినాన్ని రిటర్న్ తేదీగా నమోదు చేస్తుంది. అయితే పని దినం ఏదో దానికి తెలియాలంటే ప్రతి శాఖకూ సెలవుల క్యాలెండరు విడిగా నింపాలి. మా బ్రాంచిల్లో ఒకటి ఆదివారం తరగతులు నడిపి సోమవారం మూసివేస్తుంది. ప్రధాన క్యాంపస్ క్యాలెండరునే దానికి వర్తింపజేసినంత కాలం గడువు తేదీలు మూసి ఉన్న రోజున పడుతూ వచ్చాయి. గ్రంథాలయం మూసి ఉన్న రోజుకు జరిమానా వేయడం అంటే విద్యార్థిని మన తలుపు దగ్గర నిలబెట్టి మరీ దండించడమే. కోర్సు ముగిసినప్పుడు బకాయిలు లేవని ఇచ్చే నో డ్యూస్ సంతకం కోసం ప్రధాన క్యాంపస్‌కు రావాలన్న నిబంధనను కూడా అదే ఊపులో తీసివేయించాం. బకాయి ఉందో లేదో తెర మీద కనిపిస్తున్నప్పుడు, ఒక సంతకం కోసం ఒక పూట పని మానుకొని రమ్మనడానికి సమర్థన ఏదీ కనిపించలేదు.

బండి ఎంత క్రమంగా తిరిగినా తీర్చలేని అవసరం ఒకటుంది. ఒక తరగతి మొత్తానికి ఒకే వారంలో ఒకే అధ్యాయం కావలసి వచ్చినప్పుడు రిజర్వ్ వరుసలో చివర ఉన్నవారికి పరీక్ష అయిపోయిన తరువాతే పుస్తకం అందుతుంది. దీనికి బ్రాంచిలోనే ఉండే కోర్స్ రిజర్వ్ అల్మరా ఒక్కటే మార్గం: ప్రతి సబ్జెక్టుకు నిర్ణీత పాఠ్యగ్రంథాలు, కొద్ది గంటల కోసం మాత్రమే ఇష్యూ, రాత్రికి తిరిగి అల్మరాకు. అందుకు కావలసిన పుస్తకాల జాబితా అధ్యాపకుల దగ్గర నుంచి రాబట్టడం పుస్తకాలు కొనడం కన్నా కష్టమైంది. బ్రాంచిలో బోధించేవారిలో చాలా మంది గంటల లెక్కన వచ్చే పార్ట్‌టైమ్ అధ్యాపకులు. వారి నియామకం సెమిస్టరు మొదలవబోతుండగా గాని ఖరారు కాదు, కొన్ని సార్లు మొదలైన తరువాతే. సిలబస్‌లో ముద్రించిన జాబితా ఒకటి, వారు తరగతిలో వాస్తవంగా చదవమనేది మరొకటి. చివరికి నేను అధ్యాపకులకు లేఖలు రాయడం మాని, గత సెమిస్టరు ప్రశ్నపత్రాలు, తరగతిలో ఇచ్చిన నోట్సు ముందు పెట్టుకొని ఒక ముసాయిదా జాబితా తయారు చేసి, ఇందులో ఏవి తీసివేయాలో చెప్పండని పంపసాగాను. ఖాళీ ఫారానికి రాని జవాబు, తప్పులున్న జాబితాకు ఒక్క రోజులో వచ్చేది.

ఎలక్ట్రానిక్ వనరులు ఉన్నాయి కదా, ఇక దూరం సమస్యే కాదని మాకు చెప్పినవారు అనేకులు. ఆ మాట ఆ వనరుల కోసం ప్రచురణకర్తలతో చేసుకునే ఒప్పందం చదవనివారు చెప్పేది. మా డేటాబేస్ ఒప్పందాల్లో ఒకదానిలో సైట్ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం ఒకే భౌగోళిక ప్రదేశానికి పరిమితమై ఉంది. అంటే బ్రాంచి విద్యార్థి మా కళాశాల విద్యార్థే అయినా, ఆ ఒప్పందం ప్రకారం అధీకృత వినియోగదారు అవునో కాదో స్పష్టం కాదు. పునరుద్ధరణ సమయంలో మేము కోరింది ఒక్కటే: నమోదైన విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది అందరూ, వారు ఏ ప్రాంగణంలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, అధీకృతులేనని రాయాలి. ధరను ఎలాగూ మొత్తం విద్యార్థుల సంఖ్య మీద లెక్కగట్టారని, ఆ సంఖ్యలో బ్రాంచి విద్యార్థులు కూడా ఉన్నారని చూపించిన తరువాత ఆ వాక్యం మారింది. ఒప్పందాలన్నింటిలోనూ ఇంత తేలికగా మారలేదు. ఒక దానిని వదులుకొని, ఆ మొత్తాన్ని ఒకేసారి ఎక్కువ మంది చదవగలిగే ఈ-పుస్తకాలకు మళ్ళించాం.

సాంకేతికంగా కూడా చిక్కులు తక్కువేమీ కాదు. ప్రధాన క్యాంపస్ ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే అంకెలు) ప్రచురణకర్తల దగ్గర నమోదై ఉంటాయి కాబట్టి అక్కడి కంప్యూటరులో వ్యాసం నేరుగా తెరుచుకుంటుంది. బ్రాంచికి వేరే ఇంటర్నెట్ కనెక్షన్ ఉంది, దాని చిరునామా తరచూ మారుతుంది, కాబట్టి అదే వ్యాసం అక్కడ డబ్బు చెల్లించమని అడిగేది. దీనికి పరిష్కారం ప్రాక్సీ సర్వరు. విద్యార్థి తన ఐడీతో ప్రాక్సీలోకి లాగిన్ అయితే, ప్రచురణకర్తకు ఆ అభ్యర్థన కళాశాల చిరునామా నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. 1999లో రూపొంది, 2008లో గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ చేతికి వచ్చిన ఈజడ్‌ప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్ చాలా గ్రంథాలయాల్లో ఈ పని చేస్తుంది. సర్వరు అమరినా బ్రాంచి విద్యార్థుల లాగిన్లు మాత్రం పని చేయలేదు. వెతికితే తేలిందేమిటంటే, బ్రాంచి అడ్మిషన్ల వివరాలు వేరే స్ప్రెడ్‌షీటులో ఉండి, సెమిస్టరు సగం గడిచాక గాని లాగిన్లకు ఆధారమైన కళాశాల డైరెక్టరీలోకి ఎక్కేవి కావు. గ్రంథాలయ సమస్యగా మా దగ్గరకు వచ్చింది అసలు అడ్మిషన్ విభాగపు పని. రుసుము చెల్లింపు నమోదైన రాత్రే ఐడీ తయారయ్యేలా ఆ రెండు విభాగాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం, నేను చేసిన పనులన్నింటిలోనూ ఎక్కువ ఫలితం ఇచ్చిందని నా అంచనా.

మనిషి సాయం సంగతి ఇంకా మిగిలి ఉంది. ప్రతి బ్రాంచికి అర్హత గల లైబ్రేరియన్‌ను నియమించే స్థితి మాకు లేదు. సాయంత్రం వేళ గది తెరిచి ఉంచడానికి ఒక సహాయకుడు, సెమిస్టరు మొదట్లోను, ప్రాజెక్టు నివేదికల సమయంలోను అక్కడికి వెళ్ళే లైబ్రేరియన్, మిగిలిన రోజుల్లో నిర్ణీత సాయంత్రాలు వీడియో ద్వారా సంప్రదింపులు అన్న ఏర్పాటు చేశాం. వీడియోలో ముఖం చూపడం కన్నా తెర పంచుకోవడం ఉపయోగపడుతుందని త్వరలోనే తెలిసింది. ఒక విద్యార్థి డేటాబేస్‌లో తన ప్రాజెక్టు శీర్షిక మొత్తాన్ని ఒకే వాక్యంగా టైపు చేసి, ఫలితాలు సున్నా అని నిట్టూర్చాడు, ఆ తెర చూస్తూనే అందులోంచి రెండు ముఖ్యపదాలు ఎంచి, పర్యాయపదం ఒకటి జోడించి వెతకమన్నాను, ఫలితాలు వచ్చాయి. ఇదే విషయాన్ని సెమిస్టరు ప్రారంభ ఉపన్యాసంలో ఎంత వివరంగా చెప్పినా ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే అప్పటికి వారి చేతిలో ప్రాజెక్టు లేదు. అందుకే పరిచయ ఉపన్యాసాన్ని కుదించి, ప్రాజెక్టు అంశం ఖరారైన వారంలో అదే తరగతి గదిలో ఒక పీరియడు అడిగి తీసుకుంటున్నాం.

ఈ సేవ ఎంత మందికి అందుతోందో చూపమని కమిటీ ఏటా అడుగుతుంది. ఎలక్ట్రానిక్ వనరుల వాడకాన్ని లెక్కించే కౌంటర్ (COUNTER) అనే ప్రమాణం ప్రకారం ప్రచురణకర్తలు ఇచ్చే వినియోగ నివేదికలు సంస్థ మొత్తానికి కలిపి ఉంటాయి. వాటిలో బ్రాంచి వాటా ఎంతో తేలదు. ప్రాక్సీ సర్వరు నమోదు చేసుకునే లాగ్‌లలో తెలుస్తుంది గాని, ఎవరు ఏం చదివారన్నది కూడా అందులోనే ఉంటుంది. లాగిన్ పేరును తొలగించి క్యాంపస్ కోడ్‌ను మాత్రమే మిగిల్చి లెక్క తీసి, ఆ వెంటనే అసలు లాగ్‌లను తుడిచివేయాలని నియమం పెట్టుకున్నాం. ఇష్యూల సంఖ్యతో పాటు నేను నివేదికలో చేర్చే మరో అంకె ఉంది: రిజర్వ్ చేసిన పుస్తకాల్లో చెప్పిన తేదీకి చేరినవి ఎన్ని, చేరనివి ఎన్ని. చేరనివాటి జాబితాను కారణాలతో సహా జత చేస్తాను. కమిటీలో ఇష్యూల అంకెను పొగిడేవారు ఉంటారు గాని, బండికి, సహాయకుడికి నిధులు రాబట్టేది ఈ రెండవ జాబితాయే.

అభ్యర్థనల ఫైలు ఇప్పుడు కాగితం మీద లేదు, క్యాటలాగులోనే ఉంది, ప్రతి సెమిస్టరులోనూ పెరుగుతోంది. పెరిగినకొద్దీ ప్రధాన క్యాంపస్ అల్మరాలు ఖాళీ అవుతున్నాయని అక్కడి విద్యార్థుల నుంచి కొత్త ఫిర్యాదు మొదలైంది. పాఠ్యపుస్తకాల ప్రతులు పెంచే ప్రతిపాదన ఒకటి కమిటీ ముందు ఉంది. మరో బ్రాంచి తెరిచే ఆలోచన కూడా నడుస్తోంది. దాని ప్రతిపాదన ఫారంలో భవనం, ప్రయోగశాల, ఫర్నిచరుకు గడులు ఉన్నాయి, గ్రంథాలయానికి లేదు. ఆ గడిని చేర్చి, అందులో సాయంత్రపు సహాయకుడి పోస్టు, బండి రోజులు, సొంత సెలవుల క్యాలెండరు, డైరెక్టరీలో విద్యార్థుల నమోదు గడువు రాసి, ఫైలును రిజిస్ట్రారు కార్యాలయానికి పంపాను.